కొత్త హాలు కుర్చీలు

జూన్ నెలలో విశ్వవిద్యాలయం అమావాస్యనాటి బజారులా ఉంటుంది. పిల్లలుండరు, పంతుళ్ళుండరు, గేటు దగ్గర చాయ్ అమ్మేవాడు కూడా స్టవ్వు కట్టేసి సొంతూరు వెళ్ళిపోతాడు. ఉండేది మేమే. మమ్మల్ని ఎస్టేట్ సెక్షన్ అంటారు. గోడకు సున్నం, కుళాయికి వాషరు, కిటికీకి గొళ్ళెం, చదువు తప్ప మిగిలినవన్నీ మా బాధ్యత. ఏడాది పొడుగునా పిల్లలు పాడుచేసినదాన్నంతా జూలైలో క్లాసులు మొదలయ్యేలోగా బాగుచేసి, మళ్ళీ పాడుచేసుకోవడానికి వీలుగా వాళ్ళకు అప్పగించాలి.

ఆ సెక్షన్‌లో నేను టెంపరరీ గుమాస్తాని. మెట్రో ఇంకా మా వైపు రాని రోజులవి. ఢిల్లీ మునిర్కాలో ఒక మూడో అంతస్తు గదిలో ఇంకో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఉండేవాణ్ణి. వాళ్ళు పెద్ద పరీక్షలకు చదువుతూ దేశాన్ని ఎలా నడపాలో మాట్లాడుకునేవాళ్ళు. నేను గోడకు ఎన్ని పూతల సున్నం పట్టిందో మాట్లాడేవాణ్ణి. మా సంభాషణలు ఎక్కువసేపు సాగేవి కావు.

మాది గుంటూరు జిల్లాలో ఒక టౌను, అందులో మార్కెట్ వీధి. నాన్నది కిరాణా దుకాణం, పెదనాన్నది బెల్లం కొట్టు, మేనమామది గోనెసంచుల వ్యాపారం. మా వీధిలో పుట్టిన పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. నేనయితే పాలు తాగే వయసులోనే ఇంకో గుక్క కొసరు అడిగి ఉంటాను. డిగ్రీ అయ్యాక నన్ను కొట్లో కూర్చోబెట్టాలనుకున్నారు గానీ గల్లా దగ్గర అప్పటికే అన్నయ్య స్థిరపడ్డాడు. నాకు మిగిలింది గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టడం, పప్పు పొట్లాలు కట్టడం. దానికంటే ఢిల్లీ నయమనిపించి వచ్చేశాను. మా వీధిలో మాత్రం నేను యూనివర్సిటీలో ఆఫీసరునని చెప్పుకున్నారు. ఆ మాట మొదట ఎవరన్నారో నేను ఆరా తీయలేదు, ఎందుకంటే అన్నది నేనే.

నా కాగితం ఆరు నెలలది. జూలై నెలాఖరుతో అయిపోతుంది. పొడిగిస్తే ఉంటాను, లేకపోతే పప్పు పొట్లాలు. పొడిగించమని రాయవలసినవారు మా సెక్షన్ ఆఫీసరు గారు. ఆయనది అనంతపురం వైపు. ఢిల్లీకి వచ్చి పాతికేళ్ళయింది. ఇంట్లో పిల్లలు ఆయన తెలుగుకు హిందీలో జవాబిస్తారు గనుక తెలుగులో జవాబిచ్చే మనిషి దొరికాడని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టేవారు.

ఆ ఏడు మాకు కొత్త హాలు ఒకటి కట్టారు. నూట ఇరవై మంది కూర్చునే క్లాసు గది. గోడలున్నాయి, ఫ్యాన్లున్నాయి, నల్లబల్ల ఉంది, కుర్చీలు లేవు. ఆఫీసరు గారు నన్ను పిలిచి ఆ పని నాకు అప్పగించారు. నేను బేరం బాగా ఆడతానని ఎవరో చెప్పారట. ఆ ఎవరో కూడా నేనే.

“సూడప్పా,” అన్నారు. “క్లాసులు మొదలయ్యే దినానికి ఆ హాలు తయారుగా ఉంటే నీ కాగితం నేను రాస్తా. లేదంటే నేను రాసినా పైన ఎవురూ సదవరు.”

హాలుకు కావలసినవి, పక్కన రాసుకునే పలక బిగించి ఉండే ఇనప కుర్చీలు. కాలేజీల్లో అందరూ చూసినవే. మా ఫోర్మన్‌ను వెంటబెట్టుకుని వెళ్దామనుకున్నాను. ఆయన హిమాలయాల్లోని గఢ్వాల్ నుంచి వచ్చిన పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా ఈ క్యాంపస్‌లో ప్రతి మేకునూ పేరు పెట్టి పిలవగలడు. కానీ హాస్టళ్ళలో సున్నాలు వేయిస్తూ తల నెరిసి కాకుండా సున్నం పడి తెల్లగా ఉన్నాడు. కుర్చీ కొనడానికి నాకు తోడెందుకు, కూర్చుని చూస్తే సరిపోదా అనుకుని ఒక్కణ్ణే బయల్దేరాను.

మూడు చోట్ల కొటేషన్లు తీసుకోవాలని రూలు. రెండు చోట్ల తీసుకున్నాక మూడోది యమున అవతల దొరికింది. లక్ష్మీ నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటుకుంటూ పోతే ఒక సందు, ఆ సందు చివర గోడౌన్. దాని యజమాని తెల్ల లాల్చీ వేసుకుని, మెడలో తువ్వాలుతో టేబుల్ ఫ్యాన్‌కు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నాలుగు గంటలు సాగే బేరానికి సిద్ధపడి ఆ పొద్దున రెండు పరాఠాలు ఎక్కువే తిన్నాను.

మా ఇంటి పద్ధతి ఏమిటంటే, కొనదలచుకున్న సరుకు వైపు మొదటి పావుగంట చూడకూడదు. నేను బల్లల ధర అడిగాను, బీరువాల ధర అడిగాను, టేబుల్ ఫ్యాన్ అమ్ముతారా అని కూడా అడిగాను. ఆ తరువాత లేచి వెళ్ళిపోతున్నట్టు లేచి, దారిలో తగిలినట్టు ఆ కుర్చీ దగ్గర ఆగాను. ఊరికే కూర్చున్నాను. జేబులోంచి నోటుబుక్కు తీసి పలక మీద పెట్టి, పెన్నుతో రెండు లైన్లు రాశాను.

అంత హాయి ఎప్పుడూ ఎరగను. మోచెయ్యి పలక మీద పరుపు మీద పడుకున్నట్టు పడుకుంది. వెన్ను నిటారుగా ఉంది. డిగ్రీ మూడేళ్ళూ నేను కాలేజీ కుర్చీల్లో మెలితిరిగి కూర్చుని రాసిన మనిషిని. పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్లోకి చూస్తున్నాననుకుని ఇన్విజిలేటరు వచ్చి నా పక్కనే నిలబడేవాడు. ఢిల్లీలో కుర్చీల తయారీ మా కంటే ఎంత ముందుకు పోయిందో అనుకున్నాను. ముఖంలో సంతోషం కనబడనివ్వకూడదని పళ్ళు బిగించాను గానీ, దాచగలిగానని ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ లాల్చీ ఆసామి నా చేతినీ, పెన్నునూ, ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

“సాబ్, యే తో ఆప్ కే లియే హీ బనీ హై,” అన్నాడు. నా కోసమే తయారైందట.

నేను సగం ధర చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. నేను లేచాను. ఆయన ఒప్పుకున్నాడు. రెండో మాటకే బేరం తెగింది. బేరం తెలిసినవాడు అక్కడ ఆగి, అవతలివాడు ఇంత సులువుగా ఎందుకు దిగాడా అని ఆలోచించాలి. నేనూ ఆగి ఆలోచించాను. నా ప్రతిభ వల్ల అని తేలింది. దాంతో ఊపొచ్చి, కుర్చీ కాళ్ళకు రబ్బరు బుష్షులు కొసరు అడిగాను. ఇచ్చాడు. టెంపో కిరాయి ఆయనే పెట్టుకోవాలన్నాను. సరేనన్నాడు. దింపే మనుషులు కూడా ఆయన మనుషులే కావాలన్నాను. దానికీ తల ఊపి సమోసాలు తెప్పించాడు. రెండో సమోసా నేను అడక్కుండానే వచ్చింది.

మూడు కొటేషన్లలో అదే తక్కువ. ఆఫీసరు గారు అడ్మిషన్ల గొడవలో తలెత్తకుండానే సంతకం పెట్టారు.

నాలుగో రోజు రెండు టెంపోల్లో కుర్చీలు దిగాయి. నేను దగ్గరుండి వరుసలు పెట్టించాను. కొత్త రంగు వాసన, నూట ఇరవై కుర్చీలు, కిటికీలోంచి జూలై ఎండ. హాలు నిజంగా హాలులా కనిపించింది. ఫోర్మన్‌ను పిలిపించాను. ఆయన చేతులకున్న సున్నం ప్యాంటుకు తుడుచుకుని, మొదటి వరుసలో ఒక కుర్చీలో కూర్చున్నాడు. కుడిచేత్తో గాలిలో దేన్నో తడిమాడు, కళ్ళజోడు పోయినవాడు మంచం మీద తడుముకున్నట్టు. లేచి పక్క కుర్చీలో కూర్చున్నాడు. అక్కడా తడిమాడు. మూడో కుర్చీలోనూ కూర్చున్నాక నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

“బాబూజీ, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి?”

పలక మీద అన్నాను. ఏ పలక అన్నాడు. ఇదుగో ఇది, అని నేను పక్క కుర్చీలో కూర్చుని చూపించాను. ఆయన నా ఎడమచేతి కేసి చూసి, పెన్ను ఏ చేత్తో పడతావు అని అడిగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొదట్లోనే చెప్పి ఉండాల్సింది, కానీ సరుకులో లోపాన్ని చివరి దాకా చెప్పకపోవడం మా ఇంటి అలవాటు. నేను పుట్టు ఎడమచేతి వాణ్ణి. దుకాణదారు ఇంట్లో అది చిన్న విషయం కాదు. ఎడమచేత్తో సరుకిస్తే కొనేవాడు ముఖం చిట్లిస్తాడు. ఎడమచేత్తో డబ్బు పుచ్చుకుంటే నాన్న ముఖం చిట్లిస్తాడు. పొద్దున్నే బోణీ వేళ నేను కొట్టు గుమ్మం ఎక్కితే ఆ చెయ్యి జేబులో పెట్టుకొమ్మనేవాడు. అలా ఇవ్వడం, పుచ్చుకోవడం, తూచడం, తినడం, దణ్ణం పెట్టాక హారతి తీసుకోవడం అన్నీ కుడిచేతికి నేర్పారు. రాత మాత్రం బల్ల చాటున జరిగే పని, కొనేవాళ్ళకు కనిపించదు కదా అని ఎడమచేతికే వదిలేశారు. అందుకే నేను ఎడమచేతి వాణ్ణన్న సంగతి నేనే సగం మరిచిపోయాను. నన్ను జీవితంలో మొదటిసారి హాయిగా కూర్చోబెట్టిన కుర్చీ అందరినీ అలాగే కూర్చోబెడుతుందనుకున్నాను.

నూట ఇరవై కుర్చీలకూ పలక ఎడమవైపే ఉంది.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ యమున దాటాను. లాల్చీ ఆసామి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఫ్యాన్ కొంచెం నా వైపు తిప్పాడు. మూడేళ్ళ కిందట ఆయన వర్క్‌షాప్‌లో వెల్డింగ్ చేసేవాడు డ్రాయింగు తిరగేసి పట్టుకుని మొత్తం సరుకు అలా అంటించాడట. అప్పటి నుంచీ గోడౌన్‌లో పడి ఉన్నాయట. వెనక్కి తీసుకోమన్నాను. మీరు కూర్చుని చూశారు కదా అన్నాడు. చూశాను అన్నాను. రాసి కూడా చూశారు కదా అన్నాడు. రాశాను అన్నాను. ఈ మూడేళ్ళలో ఆ కుర్చీని మెచ్చుకున్న మొదటి మనిషి మీరే, మిమ్మల్ని మరిచిపోను అని చెప్పి నిమ్మకాయ సోడా తెప్పించాడు. అంత మర్యాదగా ఓడిపోవడం నాకు కొత్త. ఆయన మా వీధిలో ఉండి ఉంటే నేను వెళ్ళి పనికి కుదిరేవాణ్ణి.

తిరిగొచ్చి ఫోర్మన్‌ను అడిగాను, పలకలు కోసి ఇటువైపు అంటించొచ్చా అని. అంటించొచ్చు, ఇద్దరు మనుషులు పన్నెండు రోజులు చేస్తే అవుతుంది, ఈ లోపల హాస్టళ్ళలో కుళాయిలు నువ్వు బిగిస్తావా అన్నాడు. క్లాసులు మొదలవడానికి తొమ్మిది రోజులుంది.

ఆ సాయంత్రం ఖాళీ హాల్లో, నా కుర్చీల్లో ఒకదాంట్లో, హాయిగా కూర్చుని బాధపడ్డాను. ఇంటికి ఫోన్ చేసి ఏమని చెప్పాలా అని ఆలోచిస్తుంటే నాన్న పాత చింతపండు సంగతి మెదిలింది. ఒకసారి కొట్లో రెండు బస్తాల చింతపండు నల్లబడిపోయింది. మొత్తంగా పెడితే ఎవరూ కొనరు. నాన్న దాన్ని పారేయలేదు, కొత్త చింతపండులో కిలోకు ఒక పిడికెడు చొప్పున కలిపాడు. ఆరు నెలల్లో రెండు బస్తాలూ అయిపోయాయి. ఎవరూ నోరెత్తలేదు, పులుసు అందరికీ బాగానే వచ్చింది.

క్యాంపస్ అంతా కలిపి ఇలాంటి కుర్చీలున్న గదులు ముప్ఫై దాకా ఉన్నాయి. గదికి నాలుగు ఎడమచేతి కుర్చీలు ఇచ్చి, నాలుగు కుడిచేతి కుర్చీలు పుచ్చుకుంటే నా హాలు నిండుతుంది. పైగా ప్రతి క్లాసులోనూ నాలాంటివాళ్ళు ఒకరిద్దరు మెలితిరిగి కూర్చుని ఉండనే ఉంటారు. కాబట్టి ఇది మోసం కాదు, సౌకర్యం. ఎడమచేతి విద్యార్థులకు సౌకర్యం. ఈ మాట నాకు నేనే నాలుగుసార్లు చెప్పుకుని చూశాను, నాలుగోసారికి నిజమే అనిపించింది.

మర్నాడు డిపార్టుమెంట్ల మీద పడ్డాను.

అయితే ఎవరూ ఊరికే ఇచ్చేలా లేరు. జూలై మొదటివారంలో క్యాంపస్‌లో ఎవరికైనా కావలసింది ఒకటే, మా ఎస్టేట్ మనుషులు తమ బిల్డింగుకు ముందు రావడం. సున్నం మాకు ముందు వెయ్యండి, కూలర్లలో గడ్డి మాకు ముందు మార్చండి, మా బాత్రూం తలుపు ముందు చూడండి. మా వరుసలో ముందు చోటు కోసం పెద్ద పెద్ద ప్రొఫెసర్లు మా ఫోర్మన్‌కు నమస్తే పెట్టడం నేను చూశాను. నా దగ్గర ఇచ్చుకోవడానికి ఏమీ లేదనుకున్నాను గానీ, ఆ వరుస ఉంది. నాది కాదనుకోండి. ఫోర్మన్‌ది. నా దగ్గర లేనిది అమ్మడం కూడా వ్యాపారమే.

చరిత్ర శాఖ వాళ్ళు కూలర్ గడ్డి ముందు మారుస్తానంటే పన్నెండు కుర్చీలు మార్చుకున్నారు. హిందీ శాఖలో కొత్త గొళ్ళేలకు ఎనిమిది. జీవశాస్త్రం ల్యాబు చూసుకునే మేడం దగ్గర మాత్రం కష్టమైంది. ఆవిడ రోహ్‌తక్ మనిషి, ప్రతిదీ లెక్కపెట్టి గానీ ఊపిరి తీసుకోదు. లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చి, కిందటి ఏడాది పిల్లల్ని ఒక్కొక్కరినే గుర్తుచేసుకుంటూ వేళ్ళు మడిచింది.

“భయ్యా, హమారే తో తీన్ హీ హై,” అంది. ఎడమచేతి వాళ్ళు ముగ్గురే ఉన్నారు, నాలుగో కుర్చీ ఎవరికి?

కొత్త బ్యాచ్‌లో ఒకరు రావచ్చు కదా దీదీ అన్నాను. వచ్చాక అడుగుతానంది. అరగంట బేరం తరువాత తెలిసింది, ఆవిడకు కుర్చీల బాధ కాదు, కోతుల బాధ. క్యాంపస్ ఖాళీగా ఉన్న రెండు నెలల్లో కోతులు ఆ బిల్డింగు మూడో అంతస్తును కాపురానికి తీసుకున్నాయి. వాటిని తరమడానికి మేము కొండముచ్చు మనిషిని పిలిపిస్తాం. అతను సైకిలు వెనక క్యారేజీ మీద కొండముచ్చును కూర్చోబెట్టుకుని వస్తాడు, దాన్ని చూసి కోతులు పక్క బిల్డింగుకు పోతాయి. అంటే కోతులు పోవు, పక్కవాళ్ళకు బదిలీ అవుతాయి. అందుకే కొండముచ్చు ఎవరింటికి ముందు వస్తుందన్నది ముఖ్యం. ముందు మీ దగ్గరికే అన్నాను. నాలుగో కుర్చీ కూడా తీసుకుంది.

లెక్కల శాఖ హెడ్ క్లర్కు మాత్రం నన్ను బేరంలో కొట్టాడు. ఆయన రిటైరవడానికి దగ్గరలో ఉన్న పెద్దమనిషి. వాళ్ళ వరండా మెట్ల మీద నేరేడుపళ్ళు రాలి, తొక్కుడుపడి, మెట్లన్నీ ఊదారంగు తిరిగాయి. అవి కడిగిస్తే చాలు, నాలుగెందుకు, ఆరు కుర్చీలు తీసుకుంటానన్నాడు. నేను మురిసిపోయి ఆరు ఎడమచేతివి దింపి, ఆయన ఇచ్చిన ఆరూ బండికెక్కించుకున్నాను. హాలు దగ్గర దింపుతుంటే తెలిసింది, ఆరింటిలో నాలుగుకు కాళ్ళు ఊగుతున్నాయని. ఎప్పటి నుంచో పారేద్దామనుకుంటున్నాడట. నేను కిలోకు పిడికెడు కలపాలనుకుంటే ఆయన ఆ పిడికెడులోనే పుచ్చులు కలిపాడు. ఫిర్యాదు చేద్దామని వెళ్ళాను. కూర్చోమని చాయ్ పోయించి, ఊగేవాటి కాళ్ళ కింద అట్టముక్క పెడితే సరిపోతుందని సలహా ఇచ్చాడు.

నాలుగో రోజుకు నా చేతిలో నాలుగు కుర్చీలే మిగిలాయి. అయిదో రోజు పొద్దున్నే ఫోర్మన్ నన్ను మెట్ల దగ్గర పట్టుకున్నాడు. ఆయనకు అప్పటికి తొమ్మిది డిపార్టుమెంట్ల నుంచి ఫోన్లు వచ్చాయి. అందరూ ఒకటే అన్నారట, మీ మద్రాసీ బాబు ముందు మా దగ్గరికే మనుషుల్ని పంపుతానన్నాడని.

“ఏక్ దిన్ మే కిత్‌నే పెహ్‌లే హోతే హై, బాబూజీ?” అని అడిగాడు. ఒక్క రోజులో ఎన్ని ‘ముందు’లుంటాయని.

ఆయన కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. తన మనుషులందరూ హాస్టళ్ళలో ఉన్నారని, ఒక్కణ్ణి కూడా కదల్చలేనని, నువ్వు ఇచ్చిన మాటలు నువ్వే తీర్చుకోమని చెప్పాడు. పనిముట్ల సంచీ ఒకటి నా చేతికిచ్చాడు. కూలర్ గడ్డి ఉన్న గది తాళంచెవి ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ, గడ్డిని జాలీలో దట్టంగా కూరొద్దు, గాలి ఆడదు అని కూడా చెప్పాడు.

మిగిలిన నాలుగు రోజులూ నేను బేరం ఆడలేదు. ఢిల్లీ జూలై ఉక్కలో, చొక్కా వంటికి అతుక్కుని, చరిత్ర శాఖ కూలర్ల తలుపులు ఊడదీసి పాత గడ్డి పీకాను. కిందటి ఏడాది గడ్డిలోంచి తూనీగలు, బస్సు టిక్కెట్లు, ఒకచోట ఎవరో దాచుకున్న ప్రేమలేఖ తడిసి ముద్దయినది దొరికాయి. హిందీ శాఖలో గొళ్ళేలు బిగించాను. మొదటి రెండూ తలకిందులుగా బిగించి, మళ్ళీ ఊడదీసి బిగించాను. లెక్కల శాఖ మెట్లను చీపురుతో, కొబ్బరిపీచుతో తోముతుంటే ఆ హెడ్ క్లర్కు కుర్చీ బయటికి తెచ్చుకుని కూర్చుని, ఎడమవైపు ఇంకా ఉంది, అక్కడ, అక్కడ, అని చూపించాడు. ఏ చేత్తో తోముతున్నానో మాత్రం అడగలేదు.

కొండముచ్చు వచ్చిన రోజు అది క్యారేజీ మీద దర్జాగా కూర్చుంది. ఏ బిల్డింగుకు ముందు, దేనికి తరువాత అని దారి చూపిస్తూ నేను సైకిలు పక్కన నడిచాను. మా ఇద్దరిలో పర్మనెంటు ఉద్యోగి ఎవరో చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోయేది. జీవశాస్త్రం మేడం పైనుంచి చూసి చెయ్యి ఊపింది, నాకో దానికో తెలియదు. మధ్యలో ఎవరు ఏం అడిగినా చేశాను, అడగనివి కూడా కనబడితే చేశాను. మూత లేని స్విచ్చి, కారే కుళాయి, పిట్ట గూడు కట్టిన ట్యూబులైటు. గూడు మాత్రం తీయలేదు, పక్క లైటు వెలిగేలా చేసి వచ్చాను.

క్లాసులు మొదలయ్యే రోజు పొద్దున్న హాలు నిండుగా ఉంది. నూట ఇరవై కుర్చీలూ ఉన్నాయి. కానీ వాటిలో ఏ రెండూ ఒకే తల్లి బిడ్డల్లా లేవు. ఇనపవి, చెక్కవి, కేను అల్లినవి, నీలం రంగువి, గోధుమరంగువి, ఒకదాని మీద 2/B అని, ఇంకోదాని మీద ఒక గుండె, దాంట్లోంచి బాణం. పెళ్ళికి వీధంతా తిరిగి ఇంటింటా అడిగి తెచ్చిన కుర్చీల్లా ఉన్నాయి. చివరి వరుసలో నా ఎడమచేతి కుర్చీలు నాలుగు ఉంచాను, మిగతా గదులకు ఒక న్యాయం, మా హాలుకు ఒక న్యాయమా అని. అవి మాత్రం కొత్త రంగుతో మెరుస్తూ పెళ్ళికొడుకు తరపువాళ్ళలా కూర్చున్నాయి.

పిల్లలు వచ్చారు. కొత్త బ్యాగులు, కొత్త చెప్పులు, ఎటు కూర్చోవాలో తెలియని ముఖాలు. ఎవరూ కుర్చీ వైపు చూడలేదు. పక్కన ఎవరు కూర్చున్నారన్నదే చూశారు. ఊగే నాలుగింటి కింద నేను పెట్టిన అట్టముక్కలు కూడా నిలబడ్డాయి. తలుపు చాటున నిలబడి ఊపిరి వదిలాను.

వదిలిన ఊపిరి పూర్తిగా బయటికి రాకముందే ఆఫీసరు గారు వచ్చారు. క్లాసు అయిపోయి పిల్లలు వెళ్ళేదాకా వరండాలోనే ఆగి, ఆ తరువాత లోపలికెళ్ళారు. వరుసల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. చివరి వరుసకు వెళ్ళి కొత్త కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి, కుడిచేత్తో ఎడమవైపు పలక మీద రాయడానికి ప్రయత్నించారు. ఆయన కొంచెం స్థూలకాయులు. తిరగగలిగినంత తిరిగి ఆగిపోయారు. లేచి, సాయంత్రం కనపడమని చెప్పి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఆయన గదిలోకి వెళ్ళేసరికి బల్ల మీద నా ఫైలు ఉంది. ఇదుగో పప్పు పొట్లాలు అనుకున్నాను. అడగకముందే మొత్తం చెప్పేశాను, గోడౌన్ దగ్గర నుంచి అట్టముక్కల దాకా. సమోసాల సంగతి కూడా. ఆయన మధ్యలో ఎక్కడా ఆపలేదు.

“ఫోర్మన్ ఆ దినమే చెప్పినాడు నాకు,” అన్నారు చివరికి. “ఏం చేస్తావో సూద్దామని ఊరికుంటి.”

“మరి నన్నొక మాట అడగలేదేం సార్?”

“నువ్వు నాకు చెప్తివా?”

ఆయన ఫోన్ వైపు చూపించారు. ఏటా క్లాసులు మొదలయ్యే వారంలో ఆ ఫోన్ రిసీవరు తీసి పక్కన పెట్టుకుంటారట, డిపార్టుమెంట్ల తిట్లు భరించలేక. ఈసారి మూడు రోజులుగా ఫోన్ మీదే ఉంచారట, ఒక్క కాల్ రాలేదట. వైరు తెగిందేమోనని ఆపరేటర్‌ను కూడా అడిగి చూశారట.

“కంప్లయింట్ల పని ఇంగ నువ్వు సూస్కో,” అన్నారు. “ప్రతి బిల్డింగూ తెలుసు నీకు, ప్రతి బిల్డింగులో నిన్ను తిట్టేవాడూ తెలుసు. కాగితం ఏడాదికి రాస్తా. కానీ ఒకటి. కొనేది మాత్రం ఫోర్మన్ సూస్కుంటాడు. నువ్వేం కొనొద్దు.”

ఏడాది! ఆరు నెలలు అడగాలనుకున్నవాడికి ఏడాది దొరికింది. అక్కడ నమస్కారం పెట్టి బయటికి రావాలి. కాళ్ళు రాలేదు.

“ఏమీ కొనొద్దంటే సార్, మరీ ఏమీనా అండీ?”

“ఏమీ.”

“పెద్దవంటే సరే అండీ. చిన్న చిన్నవి, చీపుర్లలాంటివి... చీపుర్ల బేరం నాకు చిన్నప్పటి నుంచి...”

ఆయన పెన్ను మూత తీశారు. కాగితం మీద నెలల దగ్గర రాసిన పన్నెండు అనే అంకెను కొట్టేసి, పక్కన పదకొండు అని రాసి, కాగితం నాకు కనబడేలా తిప్పారు.

“మాట్లాడు,” అన్నారు. “ఇంగా పది ఉండాది, తొమ్మిది ఉండాది.”

నోరు తెరిచాను, మూశాను. మా వంశంలో బేరం మధ్యలో నోరు మూసుకున్న మొదటివాణ్ణి నేనే అయి ఉంటాను. ఆయన పెన్ను పదకొండు పక్కనే ఎత్తిపట్టి ఒక నిమిషం నా ముఖం చూశారు. నేనేమీ అనకపోయేసరికి కొంచెం నిరాశపడ్డట్టే కనిపించి, కింద సంతకం పెట్టారు.